మెమరీ లేని బోర్డు పాసైంది

కరోనా తర్వాత ఆఫీసులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, కొండాపూర్‌లోని ఒక చిప్ డిజైన్ కంపెనీలో నన్ను వాలిడేషన్ మేనేజర్‌గా వేశారు. రిటైరయ్యేలోపు అదే నా చివరి బాధ్యత. తయారై వచ్చిన చిప్ చెప్పిన పని చేస్తోందో లేదో తేల్చేది వాలిడేషన్ విభాగం. మేము పాస్ అంటేనే సరుకు గేటు దాటేది.

చిప్ కొనబోయేవాళ్ళు ముందుగా వాడి చూసుకోవడానికి, మా చిప్‌నూ దానికో మెమరీ చిప్‌నూ అతికించిన ఇవాల్యుయేషన్ బోర్డులు ఇస్తాం. అరచేతంత ఉంటాయి. కరెంటు ఇవ్వగానే బోర్డు తనను తాను పరీక్షించుకుంటుంది. మెమరీలో కొన్ని అంకెలు రాసి, తిరిగి చదివి, సరిపోతే పచ్చదీపం వెలిగిస్తుంది. తేడా వస్తే ఎర్రదీపం. దీన్నే సెల్ఫ్ టెస్ట్ అంటాం. నెలలు నిండని శిశువులకు శ్వాస అందించే వెంటిలేటర్ తయారుచేస్తున్న సంస్థకు మా మొదటి విడత బోర్డులు అప్పటికే చేరాయి. రెండో విడత ప్యాకింగ్‌కు సిద్ధమవుతోంది.

ఒకరోజు భోజనం ముగించి ల్యాబ్‌కు వచ్చేసరికి స్వరూప బల్ల దగ్గర నిలబడిపోయి ఉంది. సిద్దిపేట అమ్మాయి, టెస్ట్ ఇంజినీరు. ఊరికే కంగారుపడే మనిషి కాదు.

"మేడం, జర ఇటు రాండ్రి. గీ బోర్డు మీద మెమరీ చిప్పే లేదు. అతికించుడు మర్చిపోయినట్టున్నరు. అయినా టెస్ట్ పాసయింది."

భూతద్దం పెట్టి చూశాను. మెమరీ ఉండాల్సిన చోట ఖాళీగా టంకం చుక్కలు. పక్కనే పచ్చదీపం. కరెంటు తీసి మళ్ళీ ఇవ్వమన్నాను. మళ్ళీ పచ్చదీపమే. లేని మెమరీలో రాసి, లేని మెమరీ నుంచి చదివి, అంతా బాగుందంటోంది ఆ బోర్డు.

"మరి ఇప్పటిదాంక మనం పాస్ చేసినయన్ని ఎట్లున్నయో ఏమో మేడం?" అంది స్వరూప.

టెస్ట్ ప్రోగ్రాం రాసింది ప్రసాద్ గారు. గుడివాడ వైపు మనిషి, నాతో చాలా ఏళ్ళు పనిచేశారు. ప్రతిదీ రెండుసార్లు చూసుకుంటే తప్ప వదలరు. పిలిచి బోర్డు చూపించాను. ఆయన ఆ ఖాళీ చోటును వేలితో తడిమి చూశారు.

"మెమరీ పరీక్ష దాటేసి పాస్ అనిపించే లైను నేనే పెట్టానండీ. బోర్డు వేడెక్కితే ఫెయిలయ్యేది. టెస్టే మరీ కఠినంగా రాశానేమో అనుకున్నానండీ."

"తీసేయడం మరిచిపోయారా?"

"లేదండీ. గుర్తుంది. బోర్డు మంచిదేనని నమ్మేశాను."

మరిచిపోయానని చెప్పి ఉంటే తట్టుకునేదాన్ని.

ఆ లైను తీసేయించి, ప్యాకింగ్‌కు పెట్టిన బోర్డులన్నీ మళ్ళీ నడిపించాం. చల్లగా ఉన్నంతసేపూ పచ్చదీపాలే. వేడెక్కుతున్నకొద్దీ ఒక్కో బల్ల మీదా ఎరుపు మొదలైంది. స్వరూప ఎర్రదీపం వెలిగిన బోర్డుల నంబర్లు రాసుకోసాగింది.

డైరెక్టర్ గారికి చెప్పి రవాణా ఆపించాను. కారణం తేలాక కస్టమర్‌కు చెబుదామన్నారాయన. అంతవరకూ ఆగలేనని చెప్పి, ఆయన ఎదుటే వెంటిలేటర్ సంస్థ ఇంజినీరుకు స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. అంతా విని ఆ ఇంజినీరు తమ దగ్గర జరిగింది చెప్పారు.

"నిన్న పరీక్షలో శిశువు బదులు వాడే రబ్బరు ఊపిరితిత్తికి పెట్టిన గొట్టం ఊడదీసి చూశామండీ. అలారం మోగలేదు. మీ సెల్ఫ్ టెస్ట్ పాసైంది కదా అని, పొద్దుట్నుంచీ మా ప్రోగ్రాంలోనే తప్పు వెతుకుతున్నాం."

అలారం ఎప్పుడు మోగాలో చెప్పే హద్దులు ఉండేది ఆ మెమరీలోనే. డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి, మొదటి విడత మొత్తం వెనక్కి తెప్పించమన్నారు.

శిశువుల దాకా ఏదీ వెళ్ళలేదు. లోపం కనిపెట్టింది ప్రసాద్ గారే: వేడికి మెమరీకి అందే వోల్టేజీ పడిపోతోంది. డిజైన్ మార్చాం. జరిగినదంతా ఆయన తన పేరు మీదే కస్టమర్‌కు రాసి, టెస్ట్ విభాగం నుంచి తనంతట తాను తప్పుకున్నారు. నేను ఆపలేదు.

ఫెయిల్ అని చెప్పలేని టెస్టు పాస్ అన్నా దానికి అర్థం లేదని ఆ సంఘటన నాకు నేర్పింది. రిటైరయ్యేదాకా, కొత్త టెస్ట్ ఏది వచ్చినా కావాలని పాడుచేసిన బోర్డు మీదే మొదట నడిపించాను. ఎర్రదీపం వెలిగాకే మంచి బోర్డును బల్ల మీదికి తెచ్చేవాళ్ళం.