నాన్న నల్లసిరా పూసిన కాగితాలు

మా నాన్న నోట బూతుమాట నేనెప్పుడూ వినలేదు. తిరుత్తణిలో ముప్పై ఏళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్న మనిషి. ఇరవై చీరలు విప్పించుకుని ఒక్కటీ కొనకుండా లేచిపోయేవాళ్లని కూడా "మళ్లా రండమ్మా" అని వాకిలి దాకా వచ్చి సాగనంపుతాడు. నాకు అంత ఓపిక లేదు. నా నోరు మా అమ్మ పోలిక.

కొట్టు మేడమీది గదిలో కూర్చుని నేను ఇంటర్నెట్లో జాకెట్లు కుట్టడం నేర్పుతాను. వీడియో చూసినవాళ్లు చంకలో ముడత ఎందుకొస్తోందక్కా, మెడ ఎందుకు జారుతోందక్కా అని మెయిల్లో అడుగుతుంటారు. ఆ మెయిల్‌కే ఒకడు రోజూ రాయడం మొదలుపెట్టాడు. తమిళంలో. కుట్టు గురించి ఒక్క ముక్క ఉండదు, అంతా నా ఒంటి గురించే. ఒక అడ్రసు ఆపేస్తే ఇంకో అడ్రసు నుంచి వచ్చేవాడు. వీధిలో ఎవడైనా ఒక మాటంటే నాలుగు తగిలించి పంపేదాన్ని, వీడి దగ్గర మాత్రం నోరు పడిపోయింది. సిగ్గేసింది. తప్పు వాడిదైతే సిగ్గు నాకెందుకో, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సంగతి ఇంట్లో తెలిసింది. "ఆ పాఠాలూ వద్దు, ఆ పేరూ వద్దు. నెలాఖరుకు మూసెయ్" అనింది అమ్మ. అన్న కూడా అదే మాట. నేనూ సరేనని తల ఊపేశాను. అప్పటిదాకా చిల్లర సర్దుకుంటున్న నాన్న తలెత్తాడు.

"తప్పు చేసినోడు హాయిగా ఉండంగా మనమెందుకు మూయాల? ఇట్లాంటివి యాడ చెప్పుకోవాలో అది కనుక్కో ముందు."

ఫోన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసే మనిషి అడిగిన ప్రశ్న అది! మా వీధిలో ఇంటర్నెట్ కేబుళ్లు వేసే అతన్ని అడిగితే, అతను ఆ మెయిళ్ల వెనక వివరాలు తిరగేసి, అవన్నీ ఒకే ఇంటర్నెట్ కంపెనీ లైన్ల నుంచి వస్తున్నాయనీ, వాళ్ల ఆఫీసు తిరువళ్లూరులో ఉందనీ, అక్కడ కంప్లైంటు ఇవ్వచ్చనీ చెప్పాడు.

నాన్నకు ఏదైనా కాగితం మీద ఉంటేనే ఉన్నట్టు. అందుకని మెయిళ్లన్నీ ప్రింటు తీశాను. మొత్తం పదకొండు కాగితాలు. తీసిన వెంటనే, పీడ విరగడైందనుకుని, కంప్యూటర్లోంచి అన్నిటినీ ఆనవాలు లేకుండా తుడిచేశాను. కాగితాలు కవర్లో పెట్టి నాన్న చేతికిచ్చాను. మర్నాడు పొద్దున్నే ఇద్దరం రైలెక్కాం.

ఆఫీసులో మా మాట విన్నది నా ఈడు అమ్మాయి. తమిళంలో వివరమంతా అడిగి, కవరు తెరిచి, ఒక్కో కాగితం తిప్పింది. తిప్పేకొద్దీ ఆమె ముఖం మారింది. నేనూ తొంగి చూశాను. పంపిన అడ్రసు ఉంది, తేదీ ఉంది, టైము ఉంది. మిగతాదంతా నలుపు! లైను లైనుకీ నల్లసిరా, వెలుతురుకి పెట్టి చూసినా అక్షరం కనపడకుండా.

"నాన్నా! ఏందిది?"

"మరేం చేయమంటావుమ్మా? ఆఫీసులో పదిమంది చేతులు మారే కాయితం. నీ పేరు కిందనే అవన్నీ ఉంటే నాకు మనసొప్పలేదు."

"అయ్యో నా ఖర్మ! అవి లేకపోతే ఇంక కంప్లైంటు యాడిది? కంప్యూటర్లో కూడా లేవు గదా!" అరిచేశాను. ఆఫీసు అని కూడా చూసుకోలేదు. నెలాఖరుకు నాలుగు రోజులే ఉంది. నా గదీ, నా పాఠాలూ ఆ నల్లసిరాలో మునిగిపోయాయనిపించి ఏడుపొచ్చింది.

ఆ అమ్మాయి చప్పున తెలుగులోకి దిగింది. "మాది మీ పక్క ఊరే, కనకమ్మ సత్రం అక్కా. ఏడవద్దండి. టైమూ అడ్రసూ ఉండాయి కాబట్టి లైను ఎవురిదో కనుక్కుంటారు. కానీ వాడేం రాసినాడో లేకుండా మా పైవాళ్లు కనెక్షన్ ఆపరు. మీరు చెప్పండి, నేను టైపు చేస్తా."

నోరు తెరిచాను. మొదటి మాట గుర్తుకు రాగానే మూసేశాను.

"పోనీ, రాసియ్యండి" అని ఆ అమ్మాయి ఒక తెల్లకాగితం నా ముందు పెట్టింది.

నాన్న దాన్ని తన ముందుకి లాక్కుని పెన్ను తీశాడు. అలవాటు కొద్దీ పైన "శ్రీ" అని రాశాడు. కొట్టులో ఏ కాగితమైనా ఆయనకు అలాగే మొదలవ్వాలి. కాసేపు ఆ అక్షరం వంకే చూశాడు. పెన్నుకు మూత పెట్టేసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దీని కింద రాయలేనమ్మా. నోటితో చెప్తా. మగోళ్లెవురూ లేరా?"

"భోజనానికి పోయినారయ్యా."

నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వు బయటికి పోయి కాఫీ తాగి రామ్మా."

"నీకు అవన్నీ ఎట్ల తెలుసు నాన్నా?"

"కొట్టేసేదానికి ముందు చదవాల గదా."

బయటికొచ్చాను. కాఫీకి పోలేదు, అద్దాల తలుపు అవతలే నిలబడ్డాను. నాన్న ముందు ఆ పిల్లకి రెండు చేతులూ జోడించాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదలడం మొదలైంది. ఆమె వేళ్లు ఆడుతున్నాయి. ఒక్కో కాగితం అయిపోగానే పక్కకి జరుపుతోంది. మధ్యలో ఆమె నీళ్లగ్లాసు ముందుకు తోసింది. నాన్న తల అడ్డంగా ఊపి, మళ్లీ చెప్పసాగాడు. పదకొండు కాగితాలూ అయ్యేదాకా ఆయన కళ్లు తెరవలేదు. నా కోపం ఎప్పుడు పోయిందో తెలియదు.

పది రోజుల తర్వాత, ఆ కనెక్షన్ ఆపేశామని కంపెనీ నుంచి జవాబొచ్చింది. అంతదాకా గడువివ్వడానికి అమ్మ ఒప్పుకుందంటే అదీ నాన్న చలవే. పాఠాలు ఈ రోజుకీ సాగుతున్నాయి.

కానీ ఆ మధ్యాహ్నం ఆఫీసులోంచి బయటికొచ్చాక, స్టేషన్ దాకా నాన్న నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. కోప్పడినందుకు బాధపడ్డాడేమోనని ప్లాట్‌ఫారం మీద "నాన్నా" అని పిలిచాను. ఆగమన్నట్టు చెయ్యి చూపించి, కుళాయి దగ్గరికి నడిచాడు. దోసిలి పట్టి నోరు పుక్కిలించాడు. ఉమ్మి, మళ్లీ పుక్కిలించాడు. మా రైలు వచ్చి ఆగింది, కదిలిపోయింది. ఆయన అటు తిరిగి కూడా చూడలేదు. చివరికి తువ్వాలుతో మూతి తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడు చెప్పు తల్లీ" అన్నాడు.