పచ్చిపులుసు కూడా నీళ్లే

ఆ రోజు పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే, తొక్కే చెక్క పాదానికి తగిలినట్టే అనిపించలేదు. వంగి పాదాన్ని వేలితో నొక్కి చూశాను. గుంట పడింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఇది ఎనభైల మొదట్లో మాట. మాది వరంగల్‌లో కాశిబుగ్గ, నేసేది నేలమీద పరిచే జంపఖానాలు. పక్కన నూలు కండెలు చుడుతున్న నా భార్య సరోజన తలెత్తి, "మొఖం గూడ ఉబ్బింది. అత్తగారింట్ల తిని వొచ్చినోని లెక్కున్నవ్," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కొన్నాళ్లు నీరు పట్టిందన్నాను, కొన్నాళ్లు వేడి చేసిందన్నాను. పడుకుంటే ఊపిరాడని స్థితి వచ్చాక ఇక దవాఖానకు పోక తప్పలేదు. అక్కడి డాక్టర్ బీపీ పట్టీ చేతికి చుట్టి చూశాడు, విప్పి మళ్లీ చుట్టి చూశాడు. యూరిన్, బ్లడ్ యూరియా, క్రియాటినిన్ పరీక్షలు రాశాడు. రిపోర్టులు వచ్చాక, "నీకు బీపీ ఎప్పటినుంచో ఉన్నట్టుంది. రెండు కిడ్నీలు దెబ్బతిన్నయ్. హైదరాబాద్ పో," అన్నాడు. బీపీ అంటే కుర్చీలో కూర్చుని సంపాదించేవాళ్లకు వచ్చేదని అప్పటిదాకా నా నమ్మకం. నాకెట్ల వస్తుందని ఆయనతోనే గొడవ పెట్టుకున్నాను.

ములుగు దగ్గర పల్లెలో మా అక్క కొమురమ్మ ఉండేది. సంగతి తెలిసి మొదటి బస్సుకే దిగింది. మా వాకిట్లో ఎవరో ఆకుపసరు మాట ఎత్తితే, "అడివి పక్కపొంటి ఉండేదాన్ని నేను. పసరుతోని తగ్గేదైతే నేనే పిండుకొస్తును. లే తమ్మీ, హైదరాబాద్ పోదాం," అంది.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ విషయం దాచకుండా చెప్పాడు. "డయాలిసిస్ మిషన్ మీద రక్తం శుభ్రం చేస్తుంటాం. దానితో కొన్నాళ్లు నెట్టుకు రావచ్చు. మీవాళ్లెవరైనా కిడ్నీ ఇస్తే నిలబడతావ్." అక్క వెంటనే, "నాది తీస్కోండ్రి సారూ," అంది, పక్కింటివాళ్లు చాట అడిగితే ఇచ్చినంత తేలికగా. పరీక్షల్లో ఆమెది నాకు కుదిరింది. బావ కూడా ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. "వానలు వడి నాట్లు మొదలైతే నేను పంపలేను బామ్మర్దీ. ఇంట్ల చేసేటోళ్లు లేరు. గా లోపల్నే కానియ్యుండ్రి." తప్పు పట్టడానికి లేదు. అయితే నా ప్రాణం ఆ ఏటి వానతో ముడిపడిపోయింది. మబ్బు కనబడితే ఊరంతా సంతోషించేది, నేను మాత్రం వేళ్ల మీద రోజులు లెక్కబెట్టేవాణ్ని.

ఎడమచేతిలో రక్తనాళాలను కలిపి ఫిస్టులా అని చిన్న ఆపరేషన్ చేసి, అందులో రెండు సూదులు గుచ్చేవాళ్లు. వారానికి రెండుసార్లు రైల్లో పోవడం, మిషన్ పక్కన మంచం మీద పడి ఉండటం. పొద్దంతా కాళ్లూ చేతులూ ఆడించి బతికినవాణ్ని నేను. అక్కడ చెయ్యి జరిగితే అలారం మోగేది, సిస్టర్ కసిరేది. కిటికీ కూడా నా తల వెనక ఉండేది. కట్టేసిన గొడ్డు కనీసం అటూ ఇటూ తిరుగుతుంది, నాకు ఆ సౌఖ్యం కూడా లేదని ఏడుపొచ్చేది.

అసలు నరకం సగం దాటాక మొదలయ్యేది. ముందు ఆవులింతలు, తర్వాత పిక్కలు పట్టేసి మెలి తిరిగేవి, ఒళ్లంతా చెమట, చెవుల్లో హోరు, కళ్లముందు మసక. "బీపీ పడిపోతోంది!" అని ఎవరో దూరం నుంచి అరిచినట్టు వినబడేది. సిస్టర్ తల కింది దిండు లాగేసి, కాళ్ల కింద పెట్టి, సెలైన్ వదిలేది. కాసేపటికి లోకం మళ్లీ కనబడేది. ఇంటి దగ్గర ఆకాశంలో ఉండే బీపీ అక్కడికి పోతే పాతాళానికి పడేది. ఈ తిరకాసు నాకు అర్థం కాలేదు.

లోపలికి పేషెంటును తప్ప ఎవరినీ రానిచ్చేవాళ్లు కాదు. సరోజన బయట బెంచీ మీద కూర్చుని, తలుపుకున్న అద్దంలోంచి చూసేది. ఒకరోజు సిస్టర్ బయటికొస్తే అడిగిందట, "గా సీసల ఏముంటది సిస్టరమ్మా?" అని. "ఉప్పునీళ్లమ్మా," అని చెప్పి ఆ సిస్టర్ తన పనిమీద పోయింది.

డాక్టర్ మాత్రం ప్రతిసారీ నన్ను కాటా ఎక్కించి తిట్టేవాడు. "మళ్లీ ఇంత బరువేంది? నీళ్లు ఎన్ని తాగుతున్నావ్?"

"రోజుకో చిన్న గిలాసే సారూ."

"అబద్ధం చెప్పకు. రైల్లో తాగుతున్నావా?"

నా తల్లి మీద ఒట్టు, నేను తాగింది ఆ గిలాసెడే. మా ఎండలెట్లుంటాయో మీకు తెలుసు. నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. సరోజన మంచినీళ్ల కుండను వంటింట్లో మూలకు జరిపి మూత మీద బండ పెట్టింది. నేను వెళ్లి కుండకు చెంప ఆనించి కూర్చునేవాణ్ని. ఆ చల్లదనమే దక్కేది. ఇంత ఓర్చుకుని పోతే అక్కడ దొంగను చూసినట్టు చూసేవాళ్లు. మనిషికి దాహం కంటే అది ఎక్కువ బాధ.

ఒకసారి డాక్టర్, "మిషన్‌లో రక్తం పక్కన పారే నీళ్లుంటయ్, బాత్ అంటాం. దాంట్లో సోడియం కొంచెం పెంచుదాం. బీపీ నిలబడుతుంది. కానీ దాహం పెరుగుతుంది, జాగ్రత్త," అన్నాడు. నిజంగానే నిలబడింది. రెండు మూడుసార్లు పిక్కలు పట్టలేదు, కళ్లు తిరగలేదు. గెలిచామనుకున్నాను. కానీ ఇంటికొచ్చాక దాహం పిచ్చెత్తించింది, బరువు ఇంకా పెరిగింది. పెరిగిన నీళ్లను మిషన్ ఇంకా గట్టిగా గుంజింది. ఆ రోజు బీపీ పడిపోయి నాకు ఫిట్స్ వచ్చాయట. కళ్లు తెరిచేసరికి నోట్లో గుడ్డ ఉంది, డాక్టర్ ముఖం పాలిపోయి ఉంది.

"ఇట్లాంటి మనిషిని ఆపరేషన్ టేబుల్ ఎక్కించలేను. బీపీ స్టేబుల్ అయ్యేదాకా ఆపరేషన్ లేదు," అన్నాడు. బయట అప్పటికే మబ్బులు కమ్ముతున్నాయి. ఊళ్లో బావ నాగలి బాగుచేయించుకుంటున్నాడని అక్క కబురంపింది.

డాక్టర్‌కు ఏం తోచిందో, తలుపు తీసి సరోజనను లోపలికి పిలిచాడు. "ఏమమ్మా, ఈయనకు ఏం పెడుతున్నావ్?"

ఆమె భయపడలేదు. ఇన్నాళ్లకు తనను అడిగారన్న ధైర్యంతో చెప్పింది. "బువ్వ సారూ, పచ్చిపులుసు. నోరు చేదని ఇంకేం తింటలేడు. తల తిరిగితే గిలాసెడు నీళ్లల్ల ఉప్పేసి తాపుతాన. మీ సీసల గుడ ఉప్పునీళ్లే గద, తాపంగనే పాణం లేసొస్తాంది."

"ఉప్పు తినొద్దని చెప్పలేదా?"

"బీపీ ఎక్కువున్నోళ్లకు వద్దంటరు సారూ. ఈనెకు పడిపోతాంది గద!"

డాక్టర్ కోపం ఎటో పోయింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "పచ్చిపులుసు ఎట్ల చేస్తవమ్మా?"

"చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, మిరపకాయ, ఉప్పు."

"మరి మిగతాదంతా?"

"మిగతాదంతా నీళ్..." అని ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా ఇళ్లల్లో పచ్చిపులుసు కూర. అన్నం మునిగేలా పోసుకుంటాం, చివరికి పళ్లెం ఎత్తి జుర్రుకుంటాం. ఉప్పునీళ్లేమో మందు. ఈ రెండింటినీ మేమెవరమూ నీళ్ల కింద లెక్కేయలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు, డాక్టర్ అనుమానమూ అబద్ధం కాదు.

ఆయన ఆమెకు నెమ్మదిగా చెప్పాడు. "మేం ఇచ్చే సెలైన్ కొంచెమే, ఆ సమయానికే. పైగా మిషన్ పక్కన ఉండగా ఇస్తం. నువ్వు ఇచ్చిన ఉప్పు బయటికి పోయే దారి లేదు. కిడ్నీలు పనిచేస్తలేవు కదా. ఉప్పు ఉంటే దాహం, దాహంతో నీళ్లు, నీళ్లతో బరువు. అంత బరువు ఒక్కసారి గుంజితే బీపీ పడుతది. పడితే మళ్లీ నువ్వు ఉప్పు ఇస్తవ్." సరోజన వేలితో గాలిలో ఒక గుండ్రం గీసి, "అయితే మేం గిండ్లనే తిరుగుతానం," అంది. నాకూ అప్పుడే తెలిసింది, నన్ను కట్టేసింది మిషన్ ఒక్కటే కాదని.

 తిరుగు రైల్లో ఆలేరు దాటాక ఆమె ఒక్కసారి నా మీద విరుచుకుపడింది. "వండేది నేను. చెప్పేది నీకు. గిన్ని దినాలు తలుపు బయట కూసోవెట్టిండ్రు. నువ్వన్న ఒక్కనాడు లోపటికి పిల్వమన్నవా?"   నాకా ఆలోచనే రాలేదు.

ఆ రోజు నుంచి ఉప్పు డబ్బా పక్కింటికి పోయింది. తానూ చప్పిడే తిన్నది, నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. పొడి బువ్వ, ఉప్పులేని వేపుడు. దాహం కొద్దికొద్దిగా దిగింది, కాటా మీద ముల్లు దిగింది. డాక్టర్ బాత్‌లో సోడియం మళ్లీ తగ్గించి, నీళ్లను నిదానంగా తీశాడు. బీపీ నిలబడింది. ఈసారి నిలబడే ఉంది. కానీ వానలు కూడా మొదలయ్యాయి. అక్క నాటు కూలీలను తనే మాట్లాడిపెట్టి, బురద కాళ్లతోనే బస్సెక్కి వచ్చేసింది. "మీ బావ అలిగిండు. అలగనియ్. పొలం వచ్చేయేడు గుడ ఉంటది," అంది. 

ఆపరేషన్ అయ్యింది. అక్క కిడ్నీ నాలో పనిచేయడం మొదలుపెట్టాక డాక్టర్, "ఇప్పుడు బాగా తాగు. ఎంత తాగితే అంత మంచిది," అన్నాడు. నవ్వకండి, నాకు చేతకాలేదు. గిలాసలో సగానికి రాగానే చెయ్యి దానంతటదే ఆగిపోయేది. ఏళ్లు గడిచినా ఆ జంకు పూర్తిగా పోలేదు. రోజూ మాత్రలు మింగాలి, జ్వరమొస్తే భయం, మగ్గం గుంతలోకి దిగడం మానేశాను. తాడు పొడవైందంతే, విప్పలేదు. అయినా కండెలు చుడుతున్నాను, అక్క ఊరికి పోతున్నాను. బావ అలక ఆ దసరాకే తీరింది.

మిషన్ మీద ఉన్నవాళ్లకూ, వాళ్లింటివాళ్లకూ ఒక్క మాట చెబుతాను. డాక్టర్ దగ్గరికి రిపోర్టులు మరిచిపోయినా ఫరవాలేదు, మీకు వండిపెట్టే మనిషిని మాత్రం లోపలికి తీసుకుపోండి. తలుపు దగ్గర ఆపితే ఆగొద్దు, బతిమాలండి. ఇప్పుడు చెకప్‌కు పోతే డాక్టర్ ఎదురుగా కుర్చీలో కూర్చునేది సరోజన. కుర్చీ ఒక్కటే ఉంటే నేను తలుపు దగ్గర నిలబడతాను.