గుండె పరీక్ష అని చెప్పాను

కొన్నేళ్ల పాటు ఒక అబద్ధాన్ని మోశాను. నా పేరు అడగకండి. ఇప్పుడు మీకూ చెప్పుకోవాలని ఉంది.

రైల్వేలో గుమాస్తాగా రిటైరై నాచారంలో ఉంటున్నాను. కింది వాటాలో యాదగిరి, ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసినవాడు. రోజూ పొద్దున్నే ఇద్దరం కలిసి నడిచేవాళ్లం. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి, మూత్రానికి మాటిమాటికీ పరుగెత్తే బాధ ఇద్దరికీ ఉంది. ఆయన దాచుకోలేదు. నేను దాచాను.

ఉప్పల్లో ఒక ఆసుపత్రిలో కోత లేని చికిత్స ఉందని విని, భార్యను తోడు తీసుకుని గుట్టుగా వెళ్లాను. మణికట్టు దగ్గర సన్నటి గొట్టం పెట్టి, రక్తనాళం వెంట పొత్తికడుపు దాకా పంపారు. మెలకువగానే ఉన్నాను. తెర మీద నా నాళాలే కనిపిస్తుంటే భయం మరిచిపోయి చూశాను. చేతి నుంచి అక్కడికి దారి ఉంటుందని ఎవరనుకుంటారు? ఇసుక రేణువుల్లాంటి పూసలు వదిలి, ఆ గ్రంథికి రక్తం వెళ్లే దారి మూసేశారు. కొన్ని నెలల్లో నా బాధ చాలావరకు తగ్గింది.

చికిత్స అయిన మర్నాడే యాదగిరి నా చేతి పట్టీ చూశాడు.

"ఏమైంది సార్, చేతికి?"

"గుండె పరీక్ష. ఏం లేదన్నారు."

"మంచిగైంది. నాకైతే ఆపరేషనంటే భయం సార్. కొయ్యకుండ ఏమన్న ఉంటదా, మీకేమన్న ఎరుకనా?"

"నాకు తెలీదు యాదగిరిగారూ."

ఎందుకలా అన్నాను? గుండె జబ్బు చెప్పుకోదగ్గదనీ, ఇది కాదనీ నాకెవరు నేర్పారు? తర్వాతైనా చెప్పొచ్చు, కానీ చెబితే మొదటి అబద్ధం బయటపడుతుందని ఒక్కో రోజూ వాయిదా వేస్తూ పోయాను. ఆ చికిత్స ఆయనకు సరిపడుతుందో లేదో డాక్టరు చెప్పేవాడు. అసలు అడిగే వీలే లేకుండా చేశాను.

ఆ ఎండాకాలం జనగామలో ఆయన చెల్లెలు మంచాన పడింది. అన్నను చూడాలని కబురు పెట్టింది. బస్సులో ఆపుకోలేనని ఆయన ఆగిపోయాడు. ఇంట్లోవాళ్లు వెళ్లారు. అన్నను చూడకుండానే ఆమె పోయింది. ఆ తర్వాత ఆయనకు మూత్రం పూర్తిగా ఆగిపోయి, ఆపరేషన్ తప్పలేదు. కోలుకున్నాడు. చెల్లెలి మాట వస్తే మాత్రం ఇప్పటికీ మాట మార్చేస్తాడు.

నిన్న నడక మధ్యలో ఒక అరుగు మీద కూర్చున్నప్పుడు ఆయనకు అంతా చెప్పేశాను.

"గొట్టం పెడితే నొప్పి లేసిందా సార్?" అని మాత్రం అడిగాడు.

లేదన్నాను. ఆయన లేచి, ఒక్కడే ఇంటి వైపు వెళ్లిపోయాడు.

ఈ పొద్దున నడకకు రాలేదు. హబ్సిగూడ దాకా ఒంటరిగా వెళ్లొచ్చాను. క్షమిస్తాడా? ఆ మాట అడిగే ముఖం నాకు లేదు. చెప్పేశాను, అంతే. చాన్నాళ్లకు ఊపిరి నిండుగా పీల్చుకున్నాను.