కిటికీ వెలుగు

ఇంట్లో ఏ వేడుకైనా ఫొటోలు అతనే తీయాలి. నవ్వమని ఎవరినీ అడగడు. చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని, మనుషులు తనను మరిచిపోయేదాకా కాచుకుంటాడు. అతనికి కావలసింది ముఖం మీద వెలుగు ఒక్కటే. మేనకోడలి పుట్టినరోజున అత్తయ్య కిటికీ పక్కన తలవంచుకుని నిలబడి ఉంది. చెంప మీద పలచని ఎండ చూసి ఫొటో తీశాడు. భోజనాలయ్యాక అన్నీ టీవీలో వేశాడు. అత్తయ్య ముఖం చూసి ఎవరో ఆహా అన్నారు. ఆ ముఖం కింద, తీసేటప్పుడు అతను చూడని చేతులు కేకు ముక్కల్ని కాగితంలో చుట్టి సంచిలో దాస్తున్నాయి.

“ఏంటత్తయ్యా, మామయ్యకి పార్సిలా?” అన్నాడు తమ్ముడు. అందరికంటే ముందు ఆమే నవ్వింది. అతనికి తల కొట్టేసినట్టయింది. మంచం పట్టిన మామయ్య ఎలా ఉన్నాడని ఆ రోజు ఎవరూ అడగలేదు. అతనూ అడగలేదు.

తర్వాతి వేడుకలో ఆమె మళ్లీ ఆ కిటికీ దగ్గరే నిలబడింది. అతను అలవాటుగా కెమెరా ఎత్తాడు. ఆమె గమనించి, సంచి మూతి విప్పి, ఖాళీగా ఉందని కనిపించేలా కుర్చీ మీద పెట్టింది.

“ఇప్పుడు తియ్యి నాయనా,” అంది.

వెలుగు బాగానే ఉంది. అతను ఆమె చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు.