మా అత్త రిక్షాకు మోటారు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి లోకంలోని ప్రతి వస్తువూ తన చేతి రిపేరు కోసమే ఎదురుచూస్తున్నట్టు కనిపిస్తుంది. నాకైతే మరీను. డిప్లొమా ముగించి, నెల్లూరులో ఒక బ్యాటరీ బండ్ల షాపులో మెకానిక్‌గా కుదురుకోగానే, ఇంట్లో మిక్సీ మొదలుకొని ఊళ్ళో నీళ్ళ మోటారు దాకా అన్నిటినీ డాక్టరు రోగిని చూసినట్టు చూసేవాణ్ణి. (మిక్సీ నా చేతిలో పడ్డాక మా అమ్మ రోలు కడిగి పెట్టుకుంది. అది వేరే సంగతి.) ఆ చూపు ఒక ఆదివారం జువ్వలదిన్నెలో మా మేనత్త ఇంటి ముందున్న రిక్షా మీద పడింది.

మా అత్త హార్బరులో చేపల పాట పాడేది. పాటంటే వేలం. ఒడ్డుకొచ్చిన చేపకు ధర పెంచించడంలో ఆమె గొంతుకు తిరుగులేదు. కొన్నేళ్ళ కిందట తడి మెట్ల మీద జారిపడి నడుం దెబ్బతినడంతో రెండు కాళ్ళూ పడిపోయాయి గానీ గొంతుకు మాత్రం ఏమీ కాలేదు. అప్పటి నుంచి మామ తన చేపల రిక్షా మీద, వెనక పెట్టెలు పెట్టే చెక్క పలక పైన, ఒక ప్లాస్టిక్ కుర్చీని వలతాడుతో కట్టి, అత్తను ఎత్తి అందులో కూర్చోబెట్టి, చుట్టూ ఐసుపెట్టెలు సర్ది, రోజూ హార్బరుకు తొక్కుకుంటూ తీసుకుపోయేవాడు. ఆయనకూ వయసు మీదపడింది. ఎదురుగాలిలో తొక్కుతుంటే కిర్రుమనేది చెయినో మోకాలో తెలిసేది కాదు. "ఇంక నా వల్ల గాదు అబయా. నేను పడిపోతే మీ అత్త ఇంట్లో, పాట యాడనో" అన్నాడు మామ ఆ రోజు. నేను వెంటనే జేబులోంచి పెన్ను తీశాను. ఆ వయసులో నేను పెన్ను తీశానంటే అవతలివాళ్ళు జాగ్రత్తపడాల్సిందే.

టార్క్ అంటే ఏమిటో మామకు బాగా వివరించాను. ఆయన భక్తిగా తలూపాడు. మోటారు, కంట్రోలరు, బ్యాటరీలు మా షాపులో పాతవి బాగుచేసి తెచ్చాను. ఊళ్ళో వెల్డింగు చేసే అన్న వాటికి ఇనుప చట్రం బిగించాడు. హ్యాండిలుకు మోటారు సైకిలు మాదిరి తిప్పే ఎక్సలేటరు పెట్టాను. మోటారు ఆపే స్విచ్చును వాన తగలకుండా, చాలా తెలివిగా, పలక అడుగున అమర్చాను. అది ఆపాలంటే బండి దిగి, వంగి, చెయ్యి లోపలికి పెట్టాలి. ఇంత భద్రమైన స్విచ్చు జిల్లాలో ఉండదని నాకు నమ్మకం. అత్త మంచం మీద నుంచి ఇదంతా చూస్తూనే ఉంది గానీ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే అనుమానపడాలని నాకు అప్పటికి తెలియదు.

బండి సిద్ధమైన మర్నాడు పొద్దున అందరం చూస్తుండగా మామ ముందు సీటెక్కాడు. అత్త వెనక కుర్చీలో దర్జాగా కూర్చుంది. నేను పక్కన నడుస్తూ, "మెల్లంగా తిప్పు మామా" అన్నాను. మామ మెల్లగానే తిప్పాడు. బండి ముందుకు దూకింది. మనిషన్నవాడు భయపడితే చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. మామ అదే చేశాడు. గట్టిగా పట్టుకునే కొద్దీ ఎక్సలేటరు తిరిగింది, బండి వేగం పెరిగింది, వేగం పెరిగే కొద్దీ మామ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "వదులు మామా! చెయ్యి వదులు!" అని నేను వెనక పరుగెత్తాను. "వదిలితే పడిపోతాను గదరా!" అని ఆయన అరిచాడు. ఆ అరుపులతోనే హార్బరు గేటు దాటాం. ఐసుపెట్టె ఒకటి జారి పగిలింది. పిల్లులు ఎటో పోయాయి. పాటకు చేరిన జనం రెండుగా చీలి దారిచ్చారు. చివరికి మామ కళ్ళు మూసుకుని హ్యాండిలు పక్కకు తిప్పేశాడు. బండి వలల కుప్పకు గుద్దుకుని ఆగింది. మామ ఎగిరి ఆ వలల్లో పడ్డాడు. అత్త కుర్చీ తాళ్ళతో గట్టిగా కట్టి ఉండటం వల్ల కదల్లేదు.

వలలో చిక్కుకుని కాళ్ళూ చేతులూ ఆడిస్తున్న మామను అత్త ఒకసారి తేరిపార చూసింది. దెబ్బలేమీ తగల్లేదని చూసుకున్నాక గొంతు సవరించుకుని పాట మొదలుపెట్టింది. "ముసిలి పండుగప్ప! ఇప్పుడే వల్లో పడ్డాది! ఇంకా కొట్టుకుంటా ఉండాది, చూసుకోండ్రి! ఎవురు పాడతారు?" కొనుగోలుదారుల్లో ఒకాయన ముందుకొచ్చి మామను అటూ ఇటూ చూసి, "ముల్లు జాస్తి అక్కా, పులుసుక్కూడా పనికిరాదు" అన్నాడు. హార్బరు మొత్తం నవ్వింది. వలలోంచి మామ కూడా నవ్వాడు. నవ్వలేనివాణ్ణి నేనొక్కణ్ణే.

సాయంత్రం తలొంచుకుని మోటారు ఊడదీస్తుంటే అత్త పిలిచింది. "అబయా, ముందు ఆయన్ని ఎందుకు కూర్చోబెట్టినావు?"

"బండి నడపాల గదత్తా."

"నన్నెందుకు యెనక కూర్చోబెట్టినావు?"

"నీకు కాళ్ళు..." అని నసిగాను.

"ఈ బండికి ఇప్పుడు కాళ్ళతో పనేముందిరా?"

స్పానరు కింద పెట్టేశాను. పెన్ను తీసినప్పటి నుంచి నేను మోటారును అడిగాను, మామను అడిగాను, వెల్డింగు అన్నను అడిగాను. బండి ఎక్కే మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

ఈసారి ఆమె చెప్పినట్టే చేశాం. పెడళ్ళు కోసేశాం. ముందు వీపు ఆనేలా సీటు, దానికి బెల్టు. మంచం మీద నుంచి తనంతట తానే జరిగి ఎక్కడానికి వాలు పలక. బ్రేకు చేతికి అందేలా, స్విచ్చు కళ్ళెదుట, ఎక్సలేటరు బొటనవేలితో నొక్కేది. వేగం మనిషి పరుగు దాటకుండా కట్టేశాను. మామ వెనక పెట్టెల మధ్య కూర్చుని, "నిదానం మేయ్, నిదానం" అంటూ దారంతా దేవుళ్ళకు మొక్కుకునేవాడు.

తరువాత వారం నేను వెళ్ళేసరికి మామ వాకిట్లో గాబరాగా తిరుగుతున్నాడు. టీ తాగొచ్చేలోపల అత్త లేదు, బండీ లేదు. హార్బరులో చూశాం, లేదు. ఏ వైరు ఊడిందో, ఎక్కడ బోల్తాపడిందో! పనిముట్ల సంచి తగిలించుకుని చక్రాల జాడ పట్టుకుని పరుగెత్తాను. రోడ్డు ముగిసిపోయే చోట, సరుగుడు తోపు అవతల, బండి సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంది. అందులో అత్త.

"అత్తా! బ్యాటరీ అయిపోయిందా? కంట్రోలరు కాలిపోయిందా? ఇసకలో ఇరుక్కుందా?" రొప్పుతూ సంచి విప్పాను.

"ఏం కాలేదురా. నేనే ఆపినాను."

"ఎందుకూ?"

"ఊరికే." అలల మీద నుంచి చూపు తిప్పకుండానే అంది. "పడిపోయినకాణ్ణుంచి ఒక్కదాన్నే యాడికన్నా పోయినానా? ఎవురో ఒకరు ఎత్తల్లా, తోయల్లా, పక్కన నిలబడల్లా. పో, పొద్దుగూకేలోపల వస్తానని మీ మామకు చెప్పు."

వెనక్కి తిరిగాను. అయినా మనసాగక సరుగుడు చెట్టు చాటున నిలబడ్డాను. ఆమె తల తిప్పనే లేదు. "చెట్టెనకాల సంచి గలగలమంటా ఉండాది. పొమ్మంటినా లేదా!"

ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది. ఇలాంటి బండ్లు చాలానే చేశాను, ఆ బండికంటే బాగా చేశాను. అయినా తీరిక దొరికినప్పుడల్లా గుర్తొచ్చేది ఆ సాయంత్రమే. బాగానే ఉన్న బండిని బాగుచేద్దామని స్పానర్ల సంచి వేసుకుని ఇసకలో పడుతూ లేస్తూ పరుగెత్తిన ఆ కుర్ర ఇంజినీరును తలచుకుంటే నవ్వొస్తుంది. వాడు ఆ రోజు సముద్రం వైపు ఒక్కసారైనా చూసి ఉంటే బాగుండేదని కూడా అనిపిస్తుంది.