ఏటిగట్టు మీద కొండ రిహార్సల్

మారేడుమిల్లి అడవిలో ఒక చిన్న కొండబాట ఉందని, కాసేపు నడిస్తే పైన సెలయేరు వస్తుందని, చిన్నపిల్లలు కూడా ఎక్కేస్తారని మా స్కూల్లో తోటి టీచరు చెప్పింది. ఇక నాకు కాలు ఒకచోట నిలవలేదు. పుట్టిందీ మెట్టిందీ కోనసీమలోనే. మా నేల చాప పరిచినట్టు ఉంటుంది. ఎత్తంటే మాకు డాబా మెట్లే. సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే, వచ్చే ఆదివారం కొండెక్కుతున్నామని ప్రకటించేశాను.

మా ఆయన పేపరు దించకుండానే "సరే" అన్నారు. వంటింట్లోంచి అత్తయ్యగారు "నేనూ వస్తాను" అన్నారు. అప్పుడు దిగింది పేపరు.

"నువ్వెక్కడికమ్మా, పోయినేడేగా మోకాలికి ఆపరేషనయింది."

"డాక్టరుగారు నడవమన్నారుగా."

"నడవమన్నది వీధిలో. కొండమీద కాదు. నిన్ను తీసుకెళ్ళాలా వద్దా, నేను ఆలోచించి చెప్తాను."

ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండింది. అత్తయ్యగారు అన్నవరం చూశారు, ద్వారకా తిరుమల చూశారు, తిరుపతి కూడా వెళ్ళొచ్చారు. అన్నిచోట్లా బస్సే ఆవిణ్ణి తిన్నగా కొండమీద దించేసింది. "ఇన్ని కొండలు తిరిగాను గానీ ఒక్కటీ నా కాళ్ళతో ఎక్కలేదమ్మాయ్. ఇప్పుడెక్కకపోతే ఇంకెక్కను" అని నాతో మెల్లగా అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆవిడ రాకపోతే నేనూ వెళ్ళకూడదనుకున్నాను.

"పరీక్ష పెట్టండి, పాసైతే వస్తారు" అన్నాను మా ఆయనతో. టీచర్ని కదా, నోటికి ముందు ఆ మాటే వస్తుంది. తీరా పరీక్షకు కొండ ఎక్కడిది? ఊరంతా ఆలోచించినా ఏటిగట్టుకు మించిన ఎత్తు తేలలేదు. శనివారం సాయంత్రం, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అత్తయ్యగారు గట్టెక్కాలని ఖాయమైంది.

ఈలోగా అత్తాకోడళ్ళం తిండి సంగతి చూశాం. మా వైపు ప్రయాణమంటే ముందు తేలాల్సింది అదే. పులిహోర, దద్దోజనం, జంతికలు, ఆత్రేయపురం పూతరేకులు, సగం గెల చక్కెరకేళీ అరటిపళ్ళు. ముగ్గురికి ఇంత ఎందుకని మా ఇద్దరికీ తోచనేలేదు, దారిలో ఎవరైనా కనబడితే పెట్టొద్దూ? ఏ ఊరెళ్ళినా కారాగిన చోటే విప్పుకుని తిన్నవాళ్ళం. కొండబాటలో కారు రాదన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు లేదు.

"ఇదంతా పైకెవరు మోస్తారే?" అన్నారు మా ఆయన గుమ్మంలో నిలబడి.

"మీరుండగా ఇంకెవరండీ?"

"ఓస్, ఇంతేనా" అన్నారు. నాకు లోపల ఒకటే నవ్వు.

రిహార్సలంటే బరువుతో సహా చెయ్యాలని అత్తయ్యగారే తేల్చారు. వంట ఇంకా కాలేదు కాబట్టి క్యారేజీల నిండా బియ్యం పోశాం. అరటిపళ్ళ బుట్ట, మంచినీళ్ళ డబ్బా అసలువే పెట్టాం. శనివారం ఏటిగట్టు కిందికి చేరేసరికి, గేదెల్ని తోలుకెళ్తున్న ఒకాయన ఆగి, "ఏ ఊరండీ ప్రయాణం?" అని అడిగాడు. గట్టుమీదికేనని చెప్పడానికి నాకు నవ్వాగలేదు.

అత్తయ్యగారు కుచ్చెళ్ళు పైకి దోపి, నా కేన్వాసు బూట్లు వేసుకుని బయల్దేరారు. నేను చేతులు చాపి వెనకాలే నడిచాను. సగం దూరంలో ఆవిడ ఆగిపోయారు. "అత్తయ్యగారూ, దిగిపోదామా?" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, కాస్త ఊపిరి తీసుకుని, మళ్ళీ అడుగు వేశారు. ఒక్కో అడుగే వేసుకుంటూ పైకి చేరిపోయారు. ఎదురుగా గోదావరి కనబడగానే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇద్దరం అలా ఎంతసేపు గెంతేవాళ్ళమో గానీ, మూడో మనిషి జాడ లేదు.

తొంగి చూస్తే మా ఆయన గట్టు మధ్యలో, గడ్డిలో చతికిలబడి ఉన్నారు. క్యారేజీలు ఒక పక్క, బుట్ట ఒక పక్క. చేతిలో సగం తిన్న అరటిపండు.

"ఏరా, అక్కడే కూర్చున్నావేం?"

"ఆయాసమొస్తోందమ్మా."

అత్తయ్యగారు నడుంమీద చేతులు పెట్టుకుని కొడుకుని కాసేపు ఎగాదిగా చూశారు.

"నిన్ను తీసుకెళ్ళాలా వద్దా, నేను ఆలోచించి చెప్తాను" అన్నారు.