ఉనైజాలో నేను ఆరబెట్టిన గిన్నె

ఏసీ మెకానిక్‌కు శత్రువు ఒక్కటే, తడి. ఆ శత్రువును నాలుగు రోజులు వీరోచితంగా తరిమి, ఒక జపాన్ పెద్దమనిషికి తన నలభై ఏళ్ళ విద్య మీదే అనుమానం పుట్టించిన ఘనుణ్ణి నేను. పేరు మస్తాన్, ఊరు ప్రొద్దుటూరు దగ్గర. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత సందు దొరకదు.

సౌదీలోని ఉనైజా పట్నంలో చేతిపనులు నేర్పే ఒక సెంటర్‌లో ఏసీలు చూసుకోవడం నా ఉద్యోగం. పోయిన చలికాలం చివర అక్కడికి జపాన్ నుంచి ఒక ఉస్తాద్ వచ్చాడు. చెట్టు నుంచి కారే జిగురుపాలను చెక్క గిన్నెలకు పూత మీద పూతగా పూసి, నల్లటి అద్దంలా మెరిపించే విద్య ఆయనది. ఆరుగురు నేర్చుకోవడానికి చేరారు. నిచ్చెన మీద నుంచి నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, ఉస్తాద్ నాక్కూడా ఒక గిన్నె, ఒక కుంచె ఇచ్చి కూర్చోబెట్టాడు.

ఆ గిన్నె మీద నేను పెట్టుకున్న ఆశ ఇంతా అంతా కాదు. శుక్రవారం మా ఆవిడ మాబున్ని విజిట్ వీసా మీద వస్తోంది. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఆమెది ఒకటే పాట, నా చేతులు ఊడదీయడానికే గాని చేయడానికి పనికిరావని. ఆ పాట ఆగాలంటే నేను చేసిన వస్తువొకటి ఆమె చేతిలో పెట్టాలి.

ఆదివారం చివరి పూత వేశాను. ఉస్తాద్ ఏడు గిన్నెలనూ ఒక చెక్క అల్మారాలో పెట్టి, "ఇందులో ఆరాలి. ముట్టుకోవద్దు" అన్నాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు ముప్ఫై మాటలు, నాకు వచ్చినవి ఇరవై. ఇంతకు మించి మాట్లాడుకోవడానికి మా దగ్గర సరుకు లేదు. క్లాసు మొదటి రోజు ఆయన దుబాసీని పెట్టుకుని ఆ అల్మారా గురించి గంటసేపు చెప్పాడట. ఆ గంట నేను మిద్దె మీద కంప్రెసర్‌తో కుస్తీ పడుతున్నాను.

సాయంత్రం అందరూ పోయాక అల్మారా తెరిచి చూద్దును గదా, లోపల గోడలకు చెమట, అడుగున తడి గుడ్డలు. తలెత్తితే సరిగ్గా పైన నా ఏసీ. ఇంకేముంది, లీకు. ఎవరో పుణ్యాత్ములు గుడ్డలు పరిచి నా పరువు కాపాడుతున్నారనుకున్నాను. ఆ గుడ్డలను బ్లోయర్‌తో కరకరలాడేలా ఆరబెట్టి, అల్మారా తుడిచి, రాత్రంతా తలుపులు తెరిచి ఉంచి, పొద్దున అందరికన్నా ముందొచ్చి మూశాను. గిన్నె మీద వేలు పెట్టి చూస్తే ఇంకా జిగటే.

సోమవారం సాయంత్రం మళ్ళీ తడి, నిన్నటికన్నా ఎక్కువ. సీలింగ్ పలకలు ఊడదీశాను, డ్రెయిన్ పైపు మార్చాను, ఎక్కడా చుక్క కారడం లేదు. నీరు పల్లమెరుగు అంటారు, నేను మాత్రం ఏమీ ఎరగను. మళ్ళీ తుడిచాను. మంగళవారం గుడ్డల పక్కన ఏకంగా నీళ్ళ గిన్నె కనిపించింది. పాపం, ఉస్తాద్ కూడా లీకు కింద గిన్నె పెట్టుకున్నాడే అని నా మనసు కరిగి నీరయింది. దాన్నీ పారబోశాను.

అవతల ఆయన తిప్పలు నాకేం తెలుసు? తడిపిన గుడ్డలు తెల్లారేసరికి అప్పడాల్లా ఉంటే, ఈ ఎడారి గాలికి ఇంత దాహమా అనుకుని ఇంకాస్త నీళ్ళు చల్లేవాడు. బుధవారం సెంటర్ మేడమ్‌తో, ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ కాలేదు, నా చెయ్యే చెడిందేమో అన్నాడట. ఆ రాత్రి కూడా నేను నిష్ఠగా తుడిచాను.

గురువారానికి నాకు మతి పోయింది. మాబున్నికి ఫోన్ చేసి, వస్తువేదో చెప్పకుండా, "ఎంత ఆరబెట్టినా ఆరడంల్యా మే" అన్నాను.

"ఎండలో పెట్టయ్యా. వడియాలైనా ఒరుగులైనా ఎండలో పెడితే ఆరకుండా యాడికి పోతాయి?"

కడప ఎండలో పుట్టి పెరిగినోడికి ఇంత చిన్న సంగతి తట్టలేదే అని నన్ను నేను తిట్టుకుని, నా గిన్నె ఒక్కటీ తీసుకుని మిద్దె ఎక్కి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి వచ్చాను. అరగంటకు ఆకాశం పసుపు తిరిగి ఇసుక గాలి లేచింది. పరుగెత్తి పైకి పోయేసరికి ఇసుకంతా నా గిన్నె మీద కాపురం పెట్టింది. దులిపినా పోదు, ఊదినా పోదు.

దిగుతుంటే మెట్ల దగ్గర ఉస్తాద్ ఎదురయ్యాడు. దాచలేక, ఉన్న ఇరవై మాటలూ ఖర్చుపెట్టి, చాలనిచోట చేతులు తిప్పి, నా సేవంతా వివరించాను. ఆయన నన్ను అల్మారా దగ్గరికి తీసుకెళ్ళి, గుడ్డ తడిపి, పిండి, లోపల పరిచి, ఇసుక గిన్నెను అందులో పెట్టాడు.

"తడిలోనే ఆరుతుంది" అన్నాడు.

"పొడిగా ఉంటే?"

"ఎప్పటికీ ఆరదు."

ఆ తర్వాత తన చేతులను అటూ ఇటూ తిప్పి చూసుకుని, కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తడిలో ఆరడమేమిటో మాత్రం నాకు ఈ రోజుకీ బుర్రకెక్కలేదు. కానీ తెల్లారేసరికి ఏడు గిన్నెలూ గట్టిపడ్డాయి. నాది ఇసుకతో సహా.

అంతటితో పోయిందా? ముట్టుకోవద్దన్నదాన్ని రోజూ వేలు పెట్టి చూసినందుకు, ఆ జిగురుపాలు ఒంటికి పడక నా ముఖం బూరెలా పొంగింది. ఎయిర్‌పోర్టులో మాబున్ని నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. గొంతు విని వెనక్కి వచ్చింది. గిన్నె చేతిలో పెడితే వేళ్ళతో చాలాసేపు తడిమింది.

"నువ్వే జేసినావా?"

"నేనే."

"బాగా గరుగ్గా ఉండాది" అని సంచిలో పెట్టుకుంది. పాట మాత్రం పాడలేదు. నాకు కడుపు నిండిపోయింది.

అందుకని ఏసీ మెకానిక్‌నై, ముస్లింనై, మాబున్ని మొగుణ్ణై ఒట్టేసి చెబుతున్నాను: ఇక మీదట ఎక్కడ తడి కనిపించినా, ఎవరు తడిపారో అడగకుండా గుడ్డ ముట్టను. మొన్న బాత్‌రూమ్ ముందు నీళ్ళు మడుగు కట్టి ఉంటే, ఒట్టు ప్రకారం భక్తిగా అడిగాను.

"నేనేలే" అంది లోపల నుంచి. "మడమలు రుద్దుకున్యా, నీ గిన్నెతో. నీ చేతి పని శానా బాగుండాదయ్యా."